కూలి ఒడంబడికయు మన సీమయు

ఊరిగాం గనులకు పనివారు ఎచ్చటినుండి వచ్చిరని యడిగినచో, మన పెద్దలు ఉత్తర ఆర్కాటు జిల్లా పేరు తప్పక చెప్పుదురు. ఆ జిల్లానుండియే, ఇంచుమించు ఆ కాలముననే, వేలకొలది జనులు ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాలు దేశమునకు పోయిరి. 1911 వరకు చిత్తూరు ఆ జిల్లాలోనిదే యగుటచే వారిలో తెనుగువారును పలువురు కలరు. కరవును అప్పును వారిచే ఊరు విడిపించినవి. కూలీలను కుదుర్చువాడు చూపిన త్రోవలు మాత్రము రెండు. వానిని పోల్చి చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

బ్రిటిషు వలస రాజ్యములలో బానిసత్వమును రద్దు చేసిన చట్టము 1834 ఆగస్టు 1న అమలునకు వచ్చెను. చెఱకు తోటల యజమానులు బానిసలకు బదులు మన దేశపు కూలీలను కోరిరి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి మూడు వందల నలువదికి పైగా జనులతో డర్బను రేవు చేరెను. 1911లో ఈ రవాణా ఆగునాటికి నాటాలు చేరినవారు సుమారు 1,52,000 మంది. అందు హెచ్చుపాలు చెన్నపట్టణమున ఓడ ఎక్కినవారే.

ఒడంబడిక గడువు ఐదేండ్లు. మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతమును, తిండిగింజలును ఇచ్చుచుండిరి. చీటి లేక తోట దాటరాదు. పని మానినవానికి జీతపు కోతయే కాదు, చెరసాలయు ప్రాప్తించుచుండెను. కూలీలను కుదుర్చువానికి ప్రభుత్వపు అనుమతిపత్రము కలదు; తలకింతయని ముడుపును కలదు. అధికారి యెదుట “సమ్మతమేనా?” యను ప్రశ్నయు కలదు. కాని సముద్రమునకు ఆవల నేమున్నదో యెఱుగనివాని సమ్మతికి విలువ యెంత? ఫిజీకి పోవు ఓడలలో నూర్గురు మగవారికి నలువదిమంది ఆడువారుండవలెనను నియమముచే, దిక్కులేని స్త్రీలపై దళారుల కన్ను పడెను.

గడువు తీరినను బంధము తీరలేదు. విడుదలైనవారు మరల ఒడంబడికకు లొంగునట్లు, లేదా దేశము విడుచునట్లు, నాటాలు ప్రభుత్వము 1895లో ఏటికి మూడు పౌనుల పన్నును శాసించెను. 1913 నాటి గొప్ప సమ్మె పిమ్మట, 1914లో గాని అది తొలగలేదు. ఆనాటి ఓడల పట్టీలలో ప్రతి కూలీకి ఒక సంఖ్యయు, తండ్రి పేరును, ఊరును, ఒంటిమీది గుర్తులును వ్రాయబడినవి. నేడు వారి మునిమనుమలు ఆ సంఖ్యను పట్టుకొని తమ పల్లెను వెదకికొనుచున్నారు.

ఇక మన గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇచ్చట కాలుమోపెను. 1894లో బౌరింగుపేటనుండి రైలుదారి వచ్చెను. భూగర్భపు వేడిమి, బండలు పగులుట, ఊపిరితిత్తులను తినివేయు రాతిధూళి: ఇచ్చటి కష్టము తోటల కష్టమునకు తీసిపోదు. అయినను పండుగకు ఊరు పోవుటకు దారి యుండెను. చావు కబురు ఇంటికి చేరుచుండెను. 1930లో తమ వ్రేలిముద్రలు తీయబూనినప్పుడు గనికార్మికులు వేలుగా పని మానిరి. కాదనుటకు వారికి నలుగురి తోడు కలదు. తోటలో చీటిలేక కదలలేని కూలీకి ఆ తోడు దుర్లభము.

ఒడంబడిక చట్టబద్ధమైనదనియు, దానిచే బాగుపడిన కుటుంబములు కలవనియు కొందఱందురు. రెండును నిజమే. కాని 2000లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన ఒప్పందము మనుష్యుల అక్రమ రవాణాకు మూడు లక్షణములు చెప్పినది: మనిషిని చేర్చుకొని తరలించుట, అందుకు మోసమో బలవంతమో వాడుట, దోపిడియే లక్ష్యమగుట. ఈ మూడును పెక్కు ఒడంబడికలలో కానవచ్చును. అనుమతిపత్రము దోషమును కప్పెనే గాని మాన్పలేదు.

ఈ చరిత్ర ముగిసినది కాదు. ఉద్యోగమని చెప్పి యువకులను కంబోడియాకు పంపి, అచ్చట సైబరు మోసములు చేయించిన ముఠాకు సంబంధించిన దళారులను 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు పట్టుకొనిరి. మన గనులు 2001లో మూతబడినవి. మన పిల్లలును పనికై ఊరు దాటుచున్నారు. పోవలదనుట ధర్మము కాదు. పాసుపోర్టు ఎవరి చేతనుండును, దారిఖర్చు ఎవరి అప్పు, తిరిగి వచ్చుటకు త్రోవ యేది? ఈ మూడు ప్రశ్నలు అడిగి పోవుట నేర్పుట మన సంఘముల పని.