పెంపుడు బాతుకు అండనాళం బయటకు జారితే ఇంట్లో ఏమి చేయవచ్చు?

గుడ్లు పెట్టే ఆడ బాతు తోక కింద ఎర్రగా, తడిగా మెరిసే మాంసపు ముద్ద వేలాడుతూ కనిపిస్తే, అండనాళం గానీ క్లోయాకా గానీ బయటకు జారిందని అర్థం. పక్షుల్లో మలం, మూత్రం, గుడ్డు మూడూ క్లోయాకా అనే ఒకే గది గుండా వెలువడతాయి. గుడ్డు పెట్టే క్షణంలో లోపలి పొర కాస్త బయటకు తిరగడం సహజమే. అది వెంటనే వెనక్కి వెళ్లకపోతేనే ప్రమాదం.

గుడ్డు మరీ పెద్దదిగా ఉండటం, కాల్షియం కొరత, అధిక కొవ్వు, ఎదుగుదల పూర్తికాక ముందే గుడ్లు మొదలవడం ఇందుకు ప్రధాన కారణాలు. దిల్లీలోని లక్ష్మీ నగర్ వంటి ఇరుకు నివాస ప్రాంతాల్లో మరో కారణాన్నీ గమనించాలి. అది వెలుతురు. దిల్లీలో డిసెంబరులో పగలు సుమారు 10 గంటలు, జూన్‌లో దాదాపు 14 గంటలు. బాల్కనీలో ఉన్న బాతుపై రాత్రి 10 వరకు ట్యూబ్‌లైటు, ఆపై వీధి దీపం పడితే దాని శరీరానికి అది అంతులేని వేసవి. వెలుతురు పెరిగిన కొద్దీ గుడ్లు పెట్టే ప్రేరణ పెరుగుతుంది.

ముందుగా బాతును తోటి పక్షుల నుంచి వేరు చేయాలి. ఎర్రటి కండ కనిపిస్తే అవి పొడుస్తాయి, గంటల్లోనే ప్రాణం పోవచ్చు. పొట్టుకు బదులు శుభ్రమైన తువ్వాలు పరచాలి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు (ఒకటిన్నర చిన్న చెంచాలు) కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆ నీటితో ముద్దను కడగాలి. వాపు ఎక్కువగా ఉంటే పంచదార ముద్ద గానీ తేనె గానీ 10 నుంచి 15 నిమిషాలు పూసి ఉంచితే కణజాలంలోని నీరు లాగి వాపు తగ్గుతుంది. దానిని కడిగేసి, చేతి తొడుగు వేసుకొని, నీటిలో కరిగే జెల్లీ రాసిన వేలితో మెల్లగా లోపలికి నెట్టి కొన్ని నిమిషాలు పట్టి ఉంచాలి. లాగకూడదు, కత్తిరించకూడదు. పసుపు, బూడిద చల్లడం మన ఇళ్లలో అలవాటే గానీ, తడి పొరకు అవి అంటుకుని హాని చేస్తాయి. మనుషులు వాడే మొలల మందులు, నొప్పి మాత్రలు వైద్యుడు చెప్పనిదే వాడరాదు.

లోపలికి నెట్టడం కన్నా మళ్లీ గుడ్డు రాకుండా చూడటమే కష్టం. వారం, పది రోజులు రోజుకు 8 గంటలకు మించి వెలుతురు తగలకుండా గదిని చీకటిగా ఉంచాలి. మేత ఆపవద్దు. ముక్కు మునిగేంత లోతు నీరు, విడి గిన్నెలో గుల్ల పొడి అందుబాటులో ఉండాలి. మానేవరకు ఈత వద్దు.

ముద్ద నల్లబడినా, ఎండినా, చిరిగినా, లోపల గట్టిగా గుడ్డు తగిలినా, నెట్టిన తర్వాత మళ్లీ జారినా ఇంటి వైద్యం అక్కడితో ఆగాలి. లోపల చిక్కిన గుడ్డును పగలగొట్టే ప్రయత్నం ప్రాణాంతకం. వైద్యుడు అవసరమైతే తాత్కాలికంగా కుట్లు వేస్తారు.

మగ బాతుకు వేలాడేది మెలిక తిరిగిన పురుషాంగం. దానికీ ఇదే శుభ్రత అవసరం. అది పాడైతే తొలగించినా బాతు బతుకుతుంది, ఎందుకంటే మూత్రం ఆ మార్గంలో పోదు.

యమునకు అవతల, ఎర్రకోట ఎదుట ఉన్న దిగంబర్ జైన్ లాల్ మందిర్‌లో పక్షుల ఆసుపత్రి ఉంది. అయితే బాతును చేర్చుకుంటారో లేదో ముందే అడిగి తెలుసుకోవడం మేలు. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో తడి తువ్వాలు పరిచి, ముద్ద ఎండిపోకుండా తీసుకెళ్లాలి.

లక్ష్మీ నగర్‌కు దగ్గరలోని సంజయ్ ఝీల్ బాతుల్లో 2021 జనవరిలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అందువల్ల బాతును తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఒకేసారి అనేక పక్షులు జబ్బుపడితే వాటిని ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలపాలి.