కోడిపిల్ల పెట్టయా, పుంజా?

కొల్లాపూర్ ప్రాంతమున, నల్లమల అంచున నున్న పల్లెలలో, పెరటి కోళ్ళు పెంచువారికి గంప క్రింద పిల్లలు బయటపడిన నాటినుండియే ఒక ప్రశ్న ఎదురగును. వీనిలో పెట్టలెన్ని, పుంజులెన్ని? పెట్ట గ్రుడ్లు పెట్టి ఇల్లు గడుపును. మందకు ఒకటి రెండు పుంజులు చాలును. మిగిలినవి కూరకో, జాతరకో, సంతకో పోవలసినవే. అయినను ఏది ఏదో తెలియు వరకు అన్నింటికిని నూకలు చల్లక తప్పదు. వేలకొలది పిల్లలను పెంచు గ్రుడ్ల ఫారములో ఈ ఆలస్యము వలన కలుగు నష్టము చిన్నది కాదు.

గ్రుడ్డును చూచియే చెప్పవచ్చునను నమ్మకము చాల పాతది. కోలగా, మొన తేలియున్న గ్రుడ్డులో పెట్ట యుండునని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ వ్రాసెను. గుండ్రని గ్రుడ్డులోనే పెట్ట యుండునని రోమనుడగు ప్లినీ వ్రాసెను. ఇద్దరిలో ఎవరిని నమ్మినను, సగము సారులు నిజమే యగును!

శాస్త్రీయమైన పరిశీలన కోడి జుట్టుతో, అనగా నెత్తిమీది ఎర్రని కండతో, మొదలయ్యెను. ఇంగ్లండులో విలియం బేట్సన్ కోళ్ళను సంకరపరచి, జుట్టు ఆకృతి మెండెల్ సూత్రముల ప్రకారమే తరతరములకు సంక్రమించునని 1902 లో ప్రకటించెను. మన పందెపు కోడియగు అసిల్ జాతికి జుట్టు రంపపు పండ్లవలె నిలువుగా లేచి యుండదు. మూడు వరుసల చిన్న గడ్డలుగా నెత్తికి అంటుకొని యుండును. శుద్ధమైన అసిల్ పుంజును రంపపు జుట్టు గల పెట్టతో కలిపినచో పిల్లలన్నియు ఇంచుమించు తండ్రి పోలికనే జుట్టు తెచ్చుకొనును. పెట్టలును అంతే, పుంజులును అంతే. కనుక జుట్టు ఆకృతి జాతిని చెప్పునే గాని లింగమును చెప్పదు. ఈ రెంటిని కలగలిపి పొరబడువారు నేటికిని కలరు.

లింగమును చెప్పగల గుర్తు ఈకలలో దొరకెను. ప్లిమత్ రాక్ అను అమెరికా జాతి కోడికి నల్లని ఈకలపై తెల్లని అడ్డచారలుండును. చారల పెట్టను నల్లపుంజుతో కలిపిన, పిల్లలలో పుంజులకు మాత్రమే చారలు వచ్చును, పెట్టలు నల్లగా నుండును. చారలు రాకముందే, పుట్టిన నాడే, పుంజుపిల్ల నెత్తిపై తెల్లని మచ్చ కనబడును. జతను తారుమారు చేసి చారల పుంజును నల్లపెట్టతో కలిపినచో పిల్లలన్నింటికిని చారలే, గుర్తు మాయమగును.

దీనికి కారణము క్రోమోజోములలో నున్నది. మనుష్యులలో బిడ్డ లింగమును తండ్రి క్రోమోజోము నిర్ణయించును. కోళ్ళలో తల్లిది నిర్ణయించును. పుంజుకు రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యు ఉండును. పెట్ట తన జడ్‌ను కొడుకులకే ఇచ్చును. కూతుళ్ళకు జడ్ తండ్రినుండియే రావలెను. చారల జన్యువు జడ్‌పై నున్నది గనుక తల్లి చారలు కొడుకునకే పోవును.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులో తిండిగింజలకు కరవు వచ్చినపుడు, బేట్సన్ సహచరుడగు పన్నెట్ ఈ సూత్రమును ఉపయోగించి పుంజుపిల్లలను ముందే వేరుచేసి మేత ఆదా చేయవచ్చునని సూచించెను. తరువాత కేంబ్రిడ్జిలో ఆయనయు, పీజ్ అను శాస్త్రజ్ఞుడును కలిసి, సంకరము అవసరము లేకుండ తన జాతిలోనే పిల్లల నూగును బట్టి లింగము తెలియు ‘కేంబార్’ అను జాతిని రూపొందించిరి.

రంగు ఒకటే అయినపుడు రెక్కను చూడవలెను. ఈకలు నిదానముగా పెరుగు గుణమునకు మూలమగు జన్యువు కూడ జడ్ క్రోమోజోముపైననే కలదు. రష్యా శాస్త్రజ్ఞుడు సెరెబ్రోవ్‌స్కీ 1922 లో దీనిని తెలిపెను. ఈకలు నిదానముగా వచ్చు పెట్టను, త్వరగా వచ్చు పుంజుతో కలుపవలెను. పుట్టిన మొదటి రోజున పిల్ల రెక్కను విసనకఱ్ఱవలె విప్పి చూచినచో రెండు వరుసల ఈకలు కనబడును. క్రింది వరుస పై వరుసకంటె స్పష్టముగా పొడవైనచో పెట్ట. రెండును సమానముగా నున్నను, పై వరుసయే పొడవైనను పుంజు. ఒకటి రెండు రోజులు గడచిన పిమ్మట ఈ భేదము నమ్మదగినది కాదు.

ఈ జతలేవియు అక్కరలేని పద్ధతి జపానునుండి వచ్చెను. అప్పుడే పుట్టిన పిల్ల మలద్వారమును తెరచి, లోపలి చిన్న బుడిపెను బట్టి లింగమును గుర్తించుటను మసూయి, హషిమోటో అనువారు 1920ల దశకమున వివరించిరి. దానికి ఎంతో అభ్యాసము కావలెను.

జుట్టు ఆకృతి లింగమును చెప్పకపోయినను, దాని పెరుగుదల చెప్పును. జర్మనీలో బెర్తోల్డ్ 1849 లో పుంజుపిల్లల వృషణములను తీసివేయగా జుట్టు పెరుగక వాడిపోయెను. వృషణమును కడుపులో మరల అమర్చగా జుట్టు యథాప్రకారము పెరిగెను. వృషణము రక్తములోనికి ఏదో పదార్థమును వదలుచున్నదని దీనివలన తెలిసెను. హార్మోను అను మాటయే పుట్టని కాలమది. అందువలననే కొన్ని వారములు గడచిన పిమ్మట పుంజుపిల్ల జుట్టు పెట్టపిల్ల జుట్టుకంటె పెద్దదై ఎర్రబడును.

హైదరాబాదు రాజేంద్రనగరులో 1988 లో ఏర్పడిన కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను రకములను రూపొందించినది. ఈ పిల్లలను సుమారు ఆరు వారములు వెచ్చని చోట సాకి, ఆపై పెరటిలోనికి వదలుమని సలహా ఇత్తురు. అప్పటికి జుట్టులో భేదము తెలియనారంభించును గనుక పల్లెలో పుంజులను ఏరుటకు అది అనువైన సమయము. వనరాజ పుంజు మాంసమునకును పనికివచ్చును గనుక పెట్టిన మేత వృథా కాదు. గ్రుడ్లకొరకే పెంచు జాతుల పుంజుపిల్లల గతి వేరు. హేచరీలలో వానిని పుట్టిన నాడే చంపివేయుదురు. జర్మనీ 2022 నుండి దీనిని నిషేధించినది.

సంకరజాతి పిల్లలను కొన్న రైతు వాని గ్రుడ్లనే మరల పొదిగించినచో ఈకల గుర్తులు చెడిపోవును. పైన చెప్పిన చారల సంకరములో పుట్టిన పుంజుకు ఒక జడ్‌పై చారల జన్యువుండును, రెండవదానిపై ఉండదు. దానిని దాని తోడబుట్టిన నల్లపెట్టతో కలిపిన, తరువాతి తరములో పెట్టలలో సగము, పుంజులలో సగము చారలతో పుట్టును. నెత్తిమచ్చ చూచి పెట్టలని ఏరినవానిలో పుంజులుండును, పుంజులని అమ్మినవానిలో పెట్టలుండును. ఊరి పుంజులు కలిసిన మందలోనైతే తండ్రి ఎవరో కూడ తెలియదు. అట్టి పిల్లల విషయమున జుట్టు ఎర్రబడువరకు ఆగుటయే పని.