బాక్టీరియా మేనిపై పరాయి ముద్ర

బాక్టీరియా మేనిపై పరాయి ప్రోటీను ఖండములను నిలిపి, వానిని టీకాలకును పరిశ్రమలకును వినియోగించు విద్య నేఁడు జీవసాంకేతిక శాస్త్రమున నొక శాఖగా వర్ధిల్లుచున్నది గాని, దాని తొలి ప్రయోగములలో ముఖ్యమైనది టీకాను కోరి చేసినది కాదు. ఒక ప్రోటీను పొరలో నెట్లు మడతపడియున్నదో తెలిసికొనవలెనను శుద్ధ జిజ్ఞాసయే దానికి మూలము.

మన ప్రేవులలో నివసించు ఇ. కోలై వెలిపొరలో లామ్‌బి అను ప్రోటీను కలదు. మాల్టోజు అను చక్కెర లోనికి వచ్చుటకు అదియే ద్వారము. లాంబ్డా అను వైరసు వచ్చి యంటుకొను చోటును అదియే. తిండికై తెఱచిన వాకిటనే శత్రువు కాచియుండుట ప్రకృతిలో వింత గాదు. పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థలో మారిస్ హోఫ్నుంగ్ బృందము ఈ ప్రోటీనును చిరకాలము పరిశోధించెను. దాని గొలుసు పొరను మాటిమాటికి దాఁటుచుండునని ఊహ యుండెను గాని, ఏ మలుపు వెలుపలికి వచ్చుచున్నదో చూపు స్ఫటిక చిత్రము అప్పటికి లేదు; అది 1995లో గాని వెలువడలేదు. కావున 1986లో ఆ బృందములోని అలేన్ షార్బీ మున్నగువారు ఒక యుక్తి పన్నిరి. పోలియో వైరసు తొడుగునందలి యొక చిన్న ఖండమునకు సంకేతమైన డి.ఎన్‌.ఏ. తునుకను లామ్‌బి జన్యువులో, 153వ అమైనో ఆమ్లము తావున చేర్చిరి. ఆ ఖండమును గుర్తించు యాంటీబాడీ ముందే సిద్ధముగా నుండెను. దానిని చెక్కుచెదరని బాక్టీరియాలపై ప్రయోగింపఁగా, వచ్చి అంటుకొనెను. యాంటీబాడీ పొరను దాఁటి లోనికి పోఁజాలదు గనుక, ఆ మలుపు వెలుపలనే యున్నదని తేలినది. అంతకంటె విశేషము, పరాయి ఖండమును మోయుచుండియు నా ప్రోటీను తన పూర్వపు పనులను చాలవఱకు మానలేదు.

టీకాల యాలోచన దీనివెంట బలపడెను. 1989లో బ్రూస్ స్టాకర్ బృందము సాల్మొనెల్లా కశాభపు ప్రోటీనులో కలరా విషఖండమును చొప్పించి, చుంచెలుకలలో దానికి యాంటీబాడీలు పుట్టుట చూచెను. టీకాలకు వేఱైన దారిలో, 1996లో విక్టర్ డి లోరెంజో మున్నగువారు అదే లామ్‌బిపై హిస్టిడీను అను అమైనో ఆమ్లపు వరుసను నిలిపి, కాడ్మియమను లోహమును బాక్టీరియా మునుపటికంటె నెక్కువగా పట్టుకొనునట్లు చేసిరి. ఈ రెండవ దారియే నాకు మిక్కిలి ఆశాజనకముగఁ దోఁచును.

వైరసు మేనిపై పరాయి ఖండములను 1985లోనే నిలిపిన జార్జి స్మిత్‌నకు 2018లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగము లభించెను. పారిస్ ప్రయోగమునకు అంతటి ప్రసిద్ధి రాలేదు. వచ్చియుండవలసినదని నా యభిప్రాయము.