లెక్కలు దాచని శాస్త్రవేత్త: క్లాస్ బీమన్

ఉద్యోగంలో ఉండగా మనం రాసిన ఫైలును, పదవీ విరమణ అయిన ఎన్నో ఏళ్ళకు ఎవరో తెరిచి చూస్తారు. అందులో మన పొరపాటు బయటపడవచ్చు. అటువంటి పరిస్థితి ఎదురైన ఒక గొప్ప రసాయన శాస్త్రజ్ఞుని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

క్లాస్ బీమన్ 1926లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరంలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే 1951లో డాక్టరేటు పొందారు. 1955లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వెళ్ళి, 1957లో అక్కడే అధ్యాపకులయ్యారు.

ఆ రోజుల్లో మాస్ స్పెక్ట్రోమీటరును ఎక్కువగా పెట్రోలియం కంపెనీలవారు వాడేవారు. ఆ యంత్రంలో పదార్థాన్ని ఆవిరి చేసి ఎలక్ట్రాన్లతో కొడితే అణువులు ముక్కలవుతాయి. ఆ ముక్కల బరువులను యంత్రం నమోదు చేస్తుంది. పగిలిన కుండ పెంకులను పేర్చి కుండ ఆకారం చెప్పినట్లు, ఈ బరువులను బట్టి అణువు నిర్మాణం చెప్పవచ్చునని బీమన్ నిరూపించారు. మన సర్పగంధి వేరులో ఉండే సార్పజీన్ అనే పదార్థం నిర్మాణాన్ని 1960లో ఈ పద్ధతిలోనే తేల్చారు. అంతవరకు ఇటువంటి పనికి పదార్థం ఎక్కువగా కావలసి వచ్చేది, కాలమూ చాలా పట్టేది. ఈ పద్ధతికి కొద్ది మిల్లీగ్రాములు చాలు. 1962లో ఆయన రాసిన గ్రంథం ఈ విద్యకు పాఠ్యపుస్తకమయింది.

1976లో రెండు వైకింగ్ నౌకలు అంగారక గ్రహంపై దిగాయి. అక్కడి మట్టిని వేడిచేసి సేంద్రియ పదార్థాలను వెదికే పరికరం బాధ్యత బీమన్ బృందానిది. ప్రపంచమంతా ఆశగా ఎదురుచూసింది. ఆయన మాత్రం అంగారకుని సేంద్రియ పదార్థం ఏదీ కనబడలేదని నిర్మొహమాటంగా చెప్పారు. స్వల్పంగా కనిపించిన క్లోరిన్ సమ్మేళనాలు భూమి నుంచి పరికరంతోపాటు వెళ్ళిన మలినాలేనని ఆయన నిర్ణయం. 1977లో ఆ ఫలితాలను వివరంగా ప్రచురించారు.

ఆయన 1996లో పదవీ విరమణ చేశారు. 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుని మట్టిలో పెర్‌క్లోరేట్ లవణాలను కనుగొన్నది. మట్టిని వేడిచేసినప్పుడు ఈ లవణాలు సేంద్రియ పదార్థాలను నాశనం చేయగలవు. అందుచేత వైకింగ్ ఫలితాలను వేరుగా అర్థం చేసుకోవాలని 2010లో కొందరు వాదించారు. ఎనభై దాటిన వయస్సులో బీమన్ మరుసటి సంవత్సరమే దానిని ఖండిస్తూ రాశారు. 2015లో క్యూరియాసిటీ బృందం అంగారకుని శిలలో క్లోరోబెంజీన్‌ను నిర్ధారించింది. 2016లో బీమన్ కన్నుమూశారు. 2018లో, మైక్రోఫిల్ములో భద్రపరచిన వైకింగ్ రికార్డులను తిరిగి పరిశీలించినవారు అందులోనూ క్లోరోబెంజీన్ జాడను గుర్తించారు. అది అంగారకునిదే కావచ్చునన్నారు. సేంద్రియ పదార్థం ఉన్నంత మాత్రాన జీవం ఉన్నట్లు కాదు.

మరి బీమన్ ఓడిపోయినట్లా? నేను అలా అనుకోను. ఆయన చూసిందే చెప్పారు, కొలిచినదంతా రాసి ఉంచారు. నలభై ఏళ్ళ తరువాత ఆయన నిర్ణయాన్ని ప్రశ్నించడానికి ఆధారమయినవి ఆయన బృందం ఉంచిన లెక్కలే. మన వెనుక వచ్చేవారు మన పొరపాటును దిద్దుకోగలిగేంత శుభ్రంగా కాగితాలు ఉంచి వెళ్ళడం ఏ ఉద్యోగికైనా గౌరవమే.