దేశభక్తికి గీటురాయి

‘దేశం’ అన్న మాటను తెలుగువారు రెండు కొలతలతో వాడుతూ వచ్చారు. ఆంధ్రదేశం, కన్నడదేశం, తమిళదేశం అన్నప్పుడు అది ఒక భాష మాట్లాడే సీమ. భారతదేశం అన్నప్పుడు ఆ సీమలన్నిటినీ ఒడిలో ఉంచుకున్న మహాసమష్టి. చిన్న దేశంపై మమకారం పెద్ద దేశంపై భక్తికి అడ్డు వస్తుందా, లేక దానికి పునాది అవుతుందా? తెలుగు, తమిళ, కన్నడ భాషలు కలిసే చోట ఉన్న బాగలూరుకు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు, నిత్యజీవితపు ప్రశ్న.

20వ శతాబ్దంలో ఈ ప్రశ్నకు ఇద్దరు మహనీయులు పరస్పర విరుద్ధమైన సమాధానాలు చెప్పారు. ఒకరు హోసూరు ప్రాంతంలోనే పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి. మరొకరు అమరజీవి పొట్టి శ్రీరాములు. ఇద్దరూ గాంధీజీ అనుయాయులే, ఇద్దరూ చెరసాల చూసినవారే. 1952లో ఒకరు ముఖ్యమంత్రి పీఠంపైన, మరొకరు నిరాహారదీక్షలో ఉండగా చరిత్ర వారిని ఎదురెదురుగా నిలిపింది. వారిలో నిజమైన దేశభక్తుడు ఎవరు అని అడిగితే తేలికగా జవాబు దొరకదు. ఆ జవాబు దొరకకపోవడంలోనే దేశభక్తి స్వరూపం కొంత బోధపడుతుంది.

ఏలికలు మారిన నేల

బాగలూరు సీమకు ఏలికలు మారడం కొత్త కాదు. విజయనగర ప్రాభవం సన్నగిల్లిన తరువాత ఈ ప్రాంతంలో పాలెగాళ్ళ ఏలుబడి సాగింది. ఆపై మైసూరు ప్రభువులు, హైదరాలీ, టిప్పు సుల్తాన్ వచ్చారు. 1792 శ్రీరంగపట్టణం సంధితో పొరుగున ఉన్న బారామహల్ ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1799లో టిప్పు నేలకొరిగాక హోసూరు సీమ కూడా కంపెనీ చేతికి వచ్చి, మద్రాసు రాజధానిలోని సేలం జిల్లాలో చేరింది. స్వాతంత్ర్యానంతరం 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. ఊరు కదలలేదు, ఊరి పైనున్న పేర్లే మారాయి.

దేశభక్తి అంటే ఏలికపట్ల విధేయతే అయితే, ఈ సీమ ప్రజలు తరానికొక భక్తిని మార్చుకోవలసి వచ్చేది. వారు అలా చేయలేదు. రాగి చేను దున్నారు, చెరువు కట్ట తెగితే మట్టి మోశారు, సంతలో మూడు భాషల్లో బేరమాడారు. గండి పూడ్చేటప్పుడు పక్కవాడి మాతృభాష ఏదని ఎవరూ అడగరు. ప్రభుత్వం వేరు, దేశం వేరు అన్న ఎరుక ఈ నేల మనుషులకు ఏ సిద్ధాంతగ్రంథమూ చదవకుండానే అబ్బింది. దేశభక్తికి ఇది తొలిమెట్టు.

తొరపల్లి బిడ్డ

నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని ప్రవహించే ఈ హోసూరు ప్రాంతంలోనే తొరపల్లి ఉంది. అక్కడ 1878 డిసెంబరు 10న రాజాజీ జన్మించారు. తండ్రి ఆ గ్రామ మునసబు. హోసూరులో పాఠశాల చదువు, బెంగళూరు సెంట్రల్ కళాశాలలో పట్టభద్రత, మద్రాసులో న్యాయవిద్య ముగించి, సేలంలో ఆయన పేరున్న న్యాయవాది అయ్యారు. 1917 నుంచి 1919 వరకు సేలం పురపాలక సంఘాధ్యక్షులుగా పనిచేశారు. గాంధీజీ పిలుపుతో ఆ సంపాదనను విడిచిపెట్టి సహాయనిరాకరణలో దూకారు. 1921 చివర వేలూరు చెరసాలకు వెళ్ళారు.

1925లో తిరుచెంగోడు సమీపాన పుదుపాళయంలో ఆయన గాంధీ ఆశ్రమం స్థాపించారు. ఖద్దరు, అస్పృశ్యతా నివారణ, మద్యనిషేధం అక్కడి ప్రధాన కార్యక్రమాలు. సామాన్యంగా ఉపన్యాస వేదికపై కనిపించే దేశభక్తిని ఆయన రాట్నం దగ్గరకు, పేదవాని గుడిసె దగ్గరకు తీసుకువెళ్ళారు.

1930 ఏప్రిల్‌లో తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యం వరకు సుమారు నూరుమందితో, సుమారు 150 మైళ్ళ దూరం ఆయన ఉప్పు యాత్ర నడిపారు. సత్యాగ్రహులకు అన్నం పెట్టినవారిని శిక్షిస్తామని తంజావూరు కలెక్టరు థార్న్ ప్రకటించాడు. పల్లెవాసులు అన్నం మూటలను చెట్ల కొమ్మలకు కట్టి వెళ్ళారు. ఆ మూటలు కట్టిన చేతుల పేర్లు చరిత్రకెక్కలేదు. కానీ దేశభక్తి చరిత్రలో వేదారణ్యం సముద్రతీరానికి ఎంత చోటున్నదో, ఆ చెట్టుకొమ్మలకూ అంత చోటుండాలి.

1937లో మద్రాసు రాజధాని ప్రధానమంత్రి అయిన రాజాజీ, ఆ సంవత్సరం అక్టోబరు 1న మద్యనిషేధాన్ని మొదట సేలం జిల్లాలోనే అమలు చేశారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. తరిగిన ఆబ్కారీ రాబడిని పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను విధించారు. ఆదర్శానికి కూడా లెక్కాపత్రం ఉండాలని ఆయన నమ్మారు.

ఏటికి ఎదురీత

రాజాజీ దేశభక్తికి అసలైన పరీక్ష ఆంగ్లేయుల చెరసాలలో కాక, స్వజనుల మధ్య ఎదురైంది. 1942లో దేశమంతా ఒక వైపు కదులుతుండగా ఆయన మరొక వైపు నిలిచారు. ముస్లిం లీగు కోర్కెను సూత్రప్రాయంగా అంగీకరించి, ఆ పునాదిపై జాతీయ ప్రభుత్వం సాధించాలన్నారు. అలహాబాదులో అఖిల భారత కాంగ్రెస్ సంఘం ముందు ఆయన తీర్మానానికి అనుకూలంగా 15 ఓట్లు, ప్రతికూలంగా 120 ఓట్లు పడ్డాయి. క్విట్ ఇండియా ఉద్యమం సకాలం కాదని కూడా ఆయన అభిప్రాయం. కుమార్తె లక్ష్మిని గాంధీజీ కుమారుడు దేవదాసు వివాహమాడినందున గాంధీజీ ఆయనకు వియ్యంకుడు. ఆ వియ్యంకునితోనే విభేదించి, కాంగ్రెస్ సభ్యత్వాన్నీ శాసనసభా స్థానాన్నీ విడిచి బయటికి వచ్చారు.

ఆనాడు ఆయనను ద్రోహి అన్నవారున్నారు. ఆయన అంచనా సరియైనదా కాదా అన్నది నేటికీ చర్చనీయమే. కానీ పదవికోసం అభిప్రాయం దాచుకోలేదు. అభిప్రాయంకోసం పదవి వదులుకున్నారు. 1944లో ఆయన ప్రతిపాదించిన సూత్రమే గాంధీజీ, జిన్నాల సంభాషణలకు ఆధారమైంది. ఆ చర్చలు ఫలించలేదు. 1948 జూన్‌లో ఆయన స్వతంత్ర భారతానికి తొలి భారతీయ గవర్నర్ జనరల్ అయ్యారు. ద్రోహి అనిపించుకున్నవాడు ఆరేళ్ళకు ఆ పీఠమెక్కడాన్ని చూస్తే, ఆ ముద్ర ఎంత తొందరపాటుదో తెలుస్తుంది.

యాభై ఎనిమిది రోజులు

1901 మార్చి 16న మద్రాసులో జన్మించిన పొట్టి శ్రీరాములు రైల్వే ఉద్యోగి. భార్య మరణానంతరం ఉద్యోగం విడిచి సబర్మతి ఆశ్రమం చేరారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో కారాగారవాసం అనుభవించారు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజన ప్రవేశంకోసం నిరాహారదీక్ష పూనారు. అస్పృశ్యత పోవాలని అట్టలపై రాసి మెడలో వేసుకుని నెల్లూరు వీధుల్లో తిరిగారు. చూసి నవ్వినవారిని ఆయన లెక్కచేయలేదు.

ఆంధ్ర రాష్ట్రంకోసం 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గృహంలో ఆయన దీక్ష ఆరంభించారు. అప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ. దేశం అప్పటికే రెండుగా చీలి రక్తం చిందించింది. మళ్ళీ భాషల గీతలు గీస్తే ఐక్యత నిలుస్తుందా అన్నది ఆయన శంక. ఢిల్లీలో నెహ్రూ ఆలోచన కూడా అప్పటికి అదే తీరు. సొంత భాషలో పాలన లేనివానికి స్వరాజ్యం సగమే అన్నది తెలుగువారి వాదం. మద్రాసు నగరం ఎవరికి అన్న తగవు ఈ సమస్యను మరింత జటిలం చేసింది.

దీక్ష 58వ రోజున, డిసెంబరు 15న శ్రీరాములు అసువులు బాశారు. ఆంధ్రప్రాంతం భగ్గుమంది, పోలీసు కాల్పుల్లో పలువురు మరణించారు. నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర నిర్ణయాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం అవతరించింది.

రాజాజీని గౌరవించేవారు కూడా ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 1942లో ముస్లిం లీగు కోర్కెను ఓపికతో విన్న చెవి, 1952లో తెలుగువారి కోర్కెను అంత ఓపికతో వినలేదు. 1938లో ఆయనే పాఠశాలల్లో హిందీని నిర్బంధం చేశారు. దానిపై పోరాడి చెరసాల పాలైన నటరాజన్, తాళముత్తు 1939లో మరణించారు. ఐక్యతను ఆజ్ఞతో సాధించవచ్చన్న భ్రమ ఎంతటి మేధావినైనా తప్పుదారి పట్టించగలదు. అయితే అదే రాజాజీ 1950ల చివరినాటికి, హిందీ ఒక్కటే అధికారభాష కావడాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. 1959లో ఆయన స్థాపించిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులు తెలుగు రైతునాయకుడు ఎన్.జి. రంగా. ఏడేళ్ళ కిందటి వైరం అక్కడ అడ్డు రాలేదు.

శ్రీరాములు తన చిన్న దేశంకోసం ప్రాణం ఇచ్చారు. పెద్ద దేశం దానివల్ల విరగలేదు. 1956 నవంబరు 1 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత భారతదేశం మరింత దృఢంగానే నిలిచింది. తల్లిభాషకు న్యాయం జరిగినవాడు దేశానికి దూరం కాడని అనుభవం రుజువు చేసింది. రాజాజీ శంక దేశంమీది ప్రేమవల్ల పుట్టిందే, కానీ అది నిజం కాలేదు.

సరిహద్దుకు ఇవతల

శ్రీరాములు త్యాగఫలం హోసూరు సీమ తెలుగువారికి ప్రత్యక్షంగా అందలేదు. 1953లోనూ, 1956లోనూ ఈ సీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1960లో రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు సర్దుబాటు జరిగినప్పుడూ ఇక్కడ మార్పు రాలేదు. ఎక్కడ గీత గీసినా అవతల కొందరు మిగులుతారు. అలా మిగిలిన వారికోసమే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది నిర్దేశిస్తుంది.

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అధ్యయన చట్టం చేసి, ఒకటవ తరగతి నుంచి క్రమంగా తమిళాన్ని తప్పనిసరి భాషగా విధించింది. ఆ తొలి జట్టు పదవ తరగతికి చేరినప్పుడు భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. వీధుల్లో విద్వేషం పెంచక, రాజ్యాంగం చేతబట్టి హక్కు అడగడం కూడా దేశభక్తే. ఇరుగుపొరుగు భాష, రాష్ట్ర భాష అయిన తమిళాన్ని ప్రేమతో నేర్చుకోవడం తెలుగుకు ద్రోహం కాదు. తెలుగు అక్షరాన్ని నిలుపుకోవాలని కోరడం తమిళనాడుకు గాని, భారతదేశానికి గాని ద్రోహం కాదు. మూడు భాషల సంతలో ఏనాడో కుదిరిన సామరస్యానికి పాఠశాల వారసురాలు కావాలి.

నిగ్గు తేలేది ఇక్కడ

బంగారం నిగ్గును గీటురాయి తేల్చినట్లు, దేశభక్తి నిగ్గును మూడు ప్రశ్నలు తేలుస్తాయి. దేశంకోసం ఏమి వదులుకున్నావు? సొంతవారు పొరబడినప్పుడు చెప్పగలిగావా? ఎదుటివాని బాధ వినగలిగావా? మొదటి ప్రశ్నకు ఇద్దరూ జవాబు చెప్పగలరు: ఒకరు సంపాదన, మరొకరు ప్రాణం. రెండవదానికి 1942 నాటి రాజాజీ, నెల్లూరు వీధుల్లోని శ్రీరాములు సాక్ష్యం చెబుతారు. మూడవదాని దగ్గర రాజాజీ ఒకసారి తడబడ్డారు. మహాపురుషుల తడబాటును దాచిపెట్టడం భక్తి కాదు. దానినుంచి నేర్చుకోవడమే వారికి నిజమైన నివాళి.

83 ఏళ్ళ వయసులో, 1962లో రాజాజీ అణుపరీక్షల నిలుపుదలకోసం అమెరికా వెళ్ళి అధ్యక్షుడు కెన్నెడీని కలిశారు. 1972 డిసెంబరు 25న కన్నుమూశారు. తొరపల్లిలో ఆయన పుట్టిన ఇల్లు స్మారక చిహ్నంగా నిలిచింది. శ్రీరాములు పేరు నెల్లూరు జిల్లా మోస్తున్నది. ఒకరి ఇంటికి దగ్గరగా, మరొకరి భాషలో చదువుకునే బాగలూరు విద్యార్థికి ఈ ఇద్దరూ పెద్దలే. ఒకరిని ఎన్నుకుని మరొకరిని కాదనవలసిన అగత్యం లేదు. ఇంటి భాషలో ఆలోచించి, పొరుగు భాషలో పలకరించి, తప్పును తప్పని చెప్పి, తెగిన కట్టకు అందరితో కలిసి మట్టి వేసేవాడే దేశభక్తుడు.