తల్లాడ కూడలి నుండి భద్రాద్రికి

ఖమ్మం దాటి వైరా మీదుగా వచ్చిన దారి తల్లాడ కూడలిలో చీలుతుంది. ఒకటి సత్తుపల్లికి. మరొకటి ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలానికి. యాత్రికులు ఈ రెండో దారి పట్టి, రాముణ్ణి దర్శించుకొని, వచ్చిన దారినే మరలిపోతారు. ఆ గుడి కట్టించిన మనిషి చరిత్ర కూడా తెలుసుకోగోరేవారికి ఒక మనవి. ఆ కథ భద్రాచలంలో మొదలు కాలేదు, అక్కడ ముగియనూ లేదు.

మొదట నేలకొండపల్లి చూడండి. ఖమ్మానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కోదాడ వైపు ఉంది. కంచర్ల గోపన్న పుట్టిన ఊరది. ఊరి చెంతనే ఇటుకలతో కట్టిన బౌద్ధ మహాస్తూపం ఉంది. ఇక్కడి దిబ్బలను జనం విరాటరాజు పేరిట చెప్పుకుంటారు. తవ్వకాలలో బయటపడినవి మాత్రం బౌద్ధ అవశేషాలు. కథను కథగా వినాలి, ఇటుకను ఇటుకగా చూడాలి. ఈ ప్రయాణమంతటా అక్కరకొచ్చే పాఠమిది.

తరువాత ఖమ్మం కోట. వేసవిలో పొద్దెక్కకముందే ఎక్కండి, మధ్యాహ్నానికి రాయి కాలిపోతుంది. షితాబ్ ఖాన్‌గా పేరొందిన సీతాపతి చేతిలో ఉండిన ఈ దుర్గం 16వ శతాబ్ది పూర్వార్ధంలోనే గోల్కొండ వశమైంది. గోపన్న పుట్టేనాటికి ఈ నేల కుతుబ్‌షాహీలదే.

పాల్వంచను బస్సు కిటికీలోంచి చూసి వదిలేయకండి. గోపన్న తహసీల్దారుగా పనిచేసింది ఈ పరగణాకే. గుడికి చేరిన సొమ్ము ఇక్కడి రైతులు కట్టిన శిస్తు. ఆలయ చరిత్రలో వారి పేర్లు లేవు.

గోదావరి వంతెన దాటడమంటే ఒక పాత సరిహద్దును దాటడమే. 1860లో నిజాం భద్రాచలం తాలూకాను ఆంగ్లేయులకు వదులుకున్నాడు. 1874లో అది మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినా పట్టణం తెలంగాణలోనే నిలిచింది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. వానాకాలంలో వచ్చేవారు నీటిమట్టం కనుక్కొని బయలుదేరండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. వరద రోజుల్లో పర్ణశాల ప్రయాణం మానుకోవడమే మేలు.

ఆలయంలో రామదాసు చేయించిన నగలను చూడండి. ఏ నగకు ఎంత ఖర్చయిందో చెరలోని కవి తన కీర్తనలో రాముడికే లెక్క అప్పజెప్పాడు. భక్తుడి నిష్ఠూరమే కాదు, అది ఒక ఉద్యోగి సంజాయిషీ కూడా.

చెరవాసం పన్నెండేళ్ళని ప్రతీతి. తానీషా ఏలింది 1672 నుండి 1687 వరకు, అంటే పదిహేనేళ్ళు. ఉద్యోగం, నిర్మాణం, చెర, విడుదల అన్నీ ఆ పదిహేనేళ్ళలోనే ఇమడాలంటే, ప్రతీతికీ చరిత్రకూ మధ్య ఇరుకెంతో తెలుస్తుంది. రామలక్ష్మణులు వచ్చి బాకీ తీర్చారన్నది భక్తుల నమ్మకం. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశం కావడం, తానీషా దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూయడం చరిత్ర.

అందుకే తిరుగు ప్రయాణంలో హైదరాబాదు చేరాక, గోల్కొండలో రామదాసు బందిఖానాకు ఒక గంట కేటాయించండి. నేలకొండపల్లిలో మొదలుపెట్టిన యాత్ర అక్కడికి పూర్తవుతుంది.