టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు: వాక్‌స్వాతంత్ర్యం, అభ్యంతరకర కథనం

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడిపే ఆటలివి. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వీటికి ఆద్యం. ఆటంతా మాటల మీదే నడుస్తుంది కాబట్టి, ఏ మాట చెల్లుతుందన్న తగవు మొదటి నుంచీ దీన్ని వదల్లేదు.

1980లలో అమెరికాలోని కొన్ని క్రైస్తవ బృందాలు, తల్లిదండ్రుల సంఘాలు ఈ ఆట పిల్లలకు సైతాను పూజ నేర్పుతోందని, ఆత్మహత్యలకు పురికొల్పుతోందని ప్రచారం చేశాయి. ఆరోపణలకు ఆధారం దొరకలేదు. అయినా 1989 నాటి రెండో కూర్పులో ప్రచురణ సంస్థ టీఎస్ఆర్ ‘డెమన్’, ‘డెవిల్’ అనే పేర్లను తీసేసింది. ఆ జీవులు తర్వాత ‘టనారి’, ‘బాటెజు’ పేర్లతో తిరిగొచ్చాయి. ఏ చట్టమూ అడగని ఈ కత్తిరింపు భయంతో చేసిందే.

తర్వాతి అభ్యంతరాలు ఆటగాళ్ల నుంచే వచ్చాయి, వాటి బరువు వేరు. 2018లో ‘వాంపైర్: ది మాస్కరేడ్’ అనే మరో ఆట అనుబంధ గ్రంథం ఒకటి, రష్యాలోని చెచెన్యాలో స్వలింగ సంపర్కులపై నిజంగా సాగుతున్న హింసను రక్తపిశాచుల పన్నాగానికి ముసుగుగా చిత్రించింది. బాధితుల గాయాలు అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయి. నిరసన రేగడంతో ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పి ఆ భాగాన్ని తొలగించారు. దీన్ని సెన్సారు అనడం సరికాదు. పాఠకుల మాట విని సంస్థ తన పుస్తకాన్ని తానే దిద్దుకుంది.

ఇలాంటి అభ్యంతరాలకు ఆట బల్ల దగ్గర మరో పద్ధతి ఉంది. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ‘ఎక్స్ కార్డు’ను ఎవరు తాకినా, కారణం చెప్పనక్కర్లేకుండా ఆ సన్నివేశాన్ని వదిలేసి కథను ముందుకు నడుపుతారు.